తిట్లు లేని ఇంగ్లీషు

నా మనవరాలిని ఏడో తరగతి నుంచి తీసి ఆరులో కూర్చోబెడతామని బడి నుంచి కబురు వచ్చిన రోజు నేను ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు బేరం చేస్తున్నాను. కోడలు ఫోన్ చేసి సంగతి చెప్పి, "మీరే పోయి మాట్లాడుండ్రి అత్తమ్మా, నాకు కాళ్లు చేతులు ఆడ్తలేవు" అంది. బేరం సగంలో వదిలి రావడం నా ఒంట్లో లేదు. చింతపండు కొనే బయలుదేరాను. ఆ సంచితోనే బస్సెక్కి, శాలిబండలో దిగి, ఇంటికి పోకుండా నేరుగా బడి మెట్లెక్కాను.

ఇంగ్లీషు టీచరమ్మ నా కోడలి వయసు మనిషి. కుర్చీ చూపించింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"పిల్ల తెలివైనదేనమ్మా," అంది. "లెక్కలు బాగా చేస్తుంది. కాని నిరుటి దాకా జహనుమా బడిలో తెలుగు మీడియంలో చదివింది కదా. ఇక్కడ అన్నీ ఇంగ్లీషులోనే. వర్బ్స్ రావడం లేదు. అవి రాకపోతే ఒక్క వాక్యం కూడా నిలబడదు."

"వర్బ్స్ అంటె ఏందమ్మా?"

"క్రియలు. పనిని చెప్పే మాటలు. తినడం, పోవడం, రాయడం, ఇట్లాంటివి."

"పని మాటలా," అన్నాను. "మా ఇంట్ల పనికేం కొదువ లేదు."

ఆమె నవ్వింది గాని, పట్టిన మాట వదలలేదు. వినాయక చవితి అయ్యాక నోటి పరీక్ష పెడుతుందట. పిల్ల క్రియలు చెప్పి, సొంతంగా నాలుగు మాటలు మాట్లాడితే ఏడులోనే ఉంటుంది. లేదంటే ఆరులో ఒక ఏడాది కూర్చుంటే పునాది గట్టిపడుతుందట. గోడలు కట్టే మేస్త్రీలాగా చెప్పింది. కాదనడానికి నా దగ్గర ఏముంది? నేను చదివింది మూడో తరగతి.

ఇంటికి వచ్చేసరికి పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఆరులకు పోతె నేను బడికే పోను," అంది, గోడతో చెబుతున్నట్టు. "గా చిన్న పిల్లల పక్కకు కూసుంటనా నేను? నా దోస్తులంత కిటికీలకెళ్లి చూసి నవ్వుతరు."

ఆ పిల్ల పోనంటే పోదు. ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అది మంచిదే అని కూడా నా అభిప్రాయం. కాని బడి విషయంలో అది పనికిరాదు. నన్ను మూడో తరగతిలో మాన్పించినప్పుడు ఇంట్లో తమ్ముళ్ళను ఎత్తుకునే మనిషి కావలసి వచ్చింది. పోతావా, ఉంటావా అని నన్నెవరూ అడగలేదు. దానికి నేనిప్పుడు ఏడవడం లేదు. కాని ఎవరూ ఆపకుండానే, సిగ్గుపడి తనంతట తాను బడి మానేసే ఆడపిల్ల మా ఇంట్లో ఉండకూడదు.

కోడలు చీరలకు ఫాల్స్ కుడుతుంది. మిషన్ దగ్గర నుంచే, "గల్లీ చివర ట్యూషన్ చెప్తరట అత్తమ్మా," అంది.

"బడికి ఫీజు కట్టి, మళ్ల ట్యూషన్‌కు కట్టుడేంది? ఒక్క పూట అన్నానికి రెండుసార్లు పైసలిస్తమా?"

"మరి ఎవరు చెప్తరు?"

"నేను చెప్త."

నా కొడుకు బస్సు డిపోలో మెకానిక్. అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో ఉండగా ఆగిపోయాడు.

"అవ్వా, నీకు ఇంగ్లీషు యాడొస్తది?"

"రాకుంటె నేర్చుకుంట. నువ్వు పుట్టంగనే ఇంజను ఇప్పినవా?"

అట్లా మొదలైంది.

టీచరమ్మ ఇచ్చిన కాగితంలో క్రియలు మూడు వరసల్లో ఉన్నాయి. ఇప్పుడు చేసే పనికి ఒకటి, అయిపోయిన పనికి ఒకటి, మూడోది ఇంకొక మాట ఆసరా లేనిదే నడవనిది. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి పిల్ల చేత పక్కన తెలుగులో రాయించుకున్నాను. మా చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన పద్ధతి ఒక్కటే నాకు తెలుసు. తరగతంతా ఒకే రాగం మీద, ముందుకూ వెనక్కూ ఊగుతూ అరిచేవాళ్ళం. ఆ అరుపుల పుణ్యాన ఈనాటికీ నేను బజార్లో ఫోన్ తీయకుండా లెక్క చెబుతాను. అదే రాగం ఇంగ్లీషుకు కట్టాను. పొద్దున్నే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఇద్దరం ఊగుతూ కూర్చున్నాం. గో వెంట్ గాన్. కమ్ కేమ్ కమ్. ఈట్ ఏట్ ఈటెన్.

గోడ అవతలి ఆపా తల పైకెత్తి చూసింది. ఆమెది నా వయసే. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు మాట్లాడటం వచ్చు. నాకు తెలుగు చదవడం, ఉర్దూ మాట్లాడటం వచ్చు. ఇద్దరినీ కలిపితే ఒక చదువుకున్న మనిషి అవుతుందని నా కొడుకు వేళాకోళం చేస్తుంటాడు.

"క్యా జీ, సుబే సుబే ఏం లొల్లి?"

"ఇంగ్లీషు ఎక్కాలు ఆపా."

"రెండు రెండ్ల నాలుగు వస్తుందా అందుల?"

"ఏమొస్తదో నాకు గూడ ఇంక ఎరుక కాలే."

నాలుగు రోజులు గడిచేసరికి కొంత ఎరుకైంది. క్రియల్లో మాట వినేవి కొన్ని ఉన్నాయి. వాష్, కుక్, ఫిల్. వాటికి చివర చిన్న డ్ శబ్దమో ట్ శబ్దమో తగిలిస్తే చాలు, పని అయిపోయినట్టే. వాష్డ్, కుక్డ్, ఫిల్డ్. మాట వినని మొండివి కొన్ని ఉన్నాయి. గో అనే మాటను చూడండి. ఉన్నచోట గో, పోయాక వెంట్, అక్కడి నుంచి గాన్. పూటకొక చీర మార్చినట్టు. దుబారా మాట అది. నాకు అన్నిటికంటే నచ్చినవి కట్, పుట్, షట్. నిన్న కోసినా కట్, ఇవాళ కోసినా కట్, కోసేసి ఉన్నా కట్. ఒకే చీరతో పండగ, పెళ్ళి, పని అన్నీ జరుపుకునే మాటలు. అట్లాంటివి ఇంకా కొన్ని ఉంటే ఇంగ్లీషు సగం ఖర్చులో అయిపోయేది.

పిల్ల కాగితమంతా నోటికి పట్టేసింది. ఆదివారం నా కొడుకు పరీక్ష చేస్తానన్నాడు.

"టేక్‌కు పాస్ట్ ఏంది బిడ్డా?"

పిల్ల కళ్ళు మూసుకుంది, ఊగడం మొదలుపెట్టింది. "అరైజ్ అరోజ్ అరిజన్, బీ వాజ్ బీన్, బీట్ బీట్ బీటెన్..."

"టేక్ అడిగిన."

"వస్తున్న డాడీ, ఇంక బీ కాడ్నే ఉన్న."

కోడలు కుట్టు ఆపి మరీ నవ్వింది. నేను నవ్వలేదు. పదిహేడో ఎక్కం అడిగితే రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టే పిల్లలు మా కాలంలోనూ ఉండేవాళ్ళు. నోటికి వచ్చిన మాట చేతికి రాలేదంటే దాన్ని పనిలో పెట్టాలి. పనిమాట కదా, పని చేయించాలి.

మరునాటి నుంచి ఇంట్లో పనులన్నీ ఇంగ్లీషులో పురమాయించాను. బ్రింగ్ వాటర్. ఫోల్డ్ బట్టలు. షట్ డోర్. అప్పుడు తెలిసింది, ఈ భాష నాకు తగినదని. తెలుగులో ఒకరిని కూర్చోమనాలంటే ముందు మనిషిని చూడాలి. కూసో, కూసోండ్రి, కూసో బిడ్డా అని వయసును బట్టి, మర్యాదను బట్టి మాట వెతకాలి. ఇంగ్లీషులో ఆ బాధ లేదు. ఉత్త క్రియ ఒక్కటి ముందుకు తోస్తే అదే ఆజ్ఞ.

"సిట్," అన్నాను నా కొడుకుతో, అన్నం వడ్డించి.

"ఏందవ్వా, కుక్కకు చెప్పినట్టు?"

"ఇంగ్లీషుల కొడుకుకైనా కలెక్టరుకైనా గంతేనట. సిట్."

కూర్చున్నాడు. గోడ అవతల ఆపా ఇదంతా విని, "మా దాంట్ల బైఠ్ ఉన్నది, బైఠో ఉన్నది, బైఠియే ఉన్నది," అంది. "మనిషిని చూసి ఒకటి తీస్తం."

"ఇంగ్లీషోళ్లు బచత్ చేసిన్రు ఆపా, మూడిట్ల రెండు మిగిలిచ్చుకున్నరు."

పిల్లకు ఇది ఆట అయింది. నేను పోర్ అంటే చాయ్ పోసేది, హ్యాంగ్ అంటే తువ్వాలు ఆరేసేది. నేను ఎక్కువగా అరిచిన మాట స్విచ్ ఆఫ్. పగటిపూట ఫ్యాను తిరిగితే నాకు చూడబుద్ధి కాదు. ఇక పరీక్షకు ఫికర్ లేదనుకున్నాను.

పరీక్ష రోజు పిల్ల ఇంటికి వచ్చి సంచి మూలన పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా అన్నం తిని లేచింది. మరునాడు బడి నుంచి మళ్ళీ పిలుపు.

"కాగితంలోవన్నీ చెప్పిందమ్మా," అంది టీచరమ్మ. "ఎటు నుంచి అడిగినా చెప్పింది. తలుపు వెయ్యమంటే వేసింది, పుస్తకం తెమ్మంటే తెచ్చింది. తర్వాత, నిన్న ఏం చేశావు అని ఇంగ్లీషులో అడిగాను. 'ఐ డిడ్ నథింగ్ టీచర్' అంది. నేనేమీ చేయలేదు అని. పొద్దున ఏం చేశావంటే అదే జవాబు. పోనీ ఇంట్లో ఏం చేశావని అడిగితే, 'ఐ డిడ్ నాట్ టచ్ టీచర్' అంది. నేను ముట్టుకోలేదు అని. పిల్లలందరూ నవ్వారు. ఇక నోరు తెరవలేదు."

ఆమె మంచి మనిషి. ఇంకొక అవకాశం ఇస్తానంది. దసరా సెలవులు మొదలయ్యే ముందటి శనివారం. ఆ తర్వాత తన చేతిలో లేదంది.

బడి నుంచి ఇంటికి ఆ ఎత్తు రోడ్డు మీద పిల్లా నేనూ నడుస్తున్నాం. పక్క నుంచి ఆటోలు గోలగా పోతున్నాయి.

"నిన్న పొద్దుగాల నీళ్లు పట్టినవ్," అన్నాను. "మీ అమ్మకు దారాలు ఎక్కించి ఇచ్చినవ్. ఆపా ఇంటికి పోయి కొత్తిమీర ఇచ్చొచ్చినవ్. ఇన్ని చేసి ఏం చెయ్యలే అని చెప్తవా టీచర్‌కు?"

పిల్ల నడుస్తూనే ఉంది.

"చెప్పు. ఎందుకు అట్ల అన్నవ్?"

"మనింట్ల ఏం చేసినవ్ అని ఎప్పుడడుగుతరు నానమ్మా?" అంది. "ఏదన్న పగిల్తె అడుగుతరు. డబ్బాల ఏదన్న ఒడుస్తె అడుగుతరు. నువ్వు ఏం చేసినవ్ అనంగనే నాకు నోట్లెకెళ్లి ఏం చెయ్యలే అనే వస్తది. ఇంగ్లీషుల గూడ గదే వచ్చింది."

ఆటో ఒకటి మీదికి వస్తే పిల్లను ఇవతలికి లాక్కున్నాను.

ఆ పిల్ల చెప్పింది నిజం. మా ఇంట్లో ఏం చేసినవ్ అనేది ప్రశ్న కాదు, విచారణ. సబ్బు ఎందుకు అరిగింది, గ్యాసు ఎందుకు అయిపోయింది, గిన్నెకు సొట్ట ఎవరు పెట్టారు. ఇది తప్పని నేననుకోను. ఎవరో ఒకరు అడగబట్టే ఇల్లు నడుస్తుంది. నేను అడగకపోతే మా ఇంట్లో నూనె నీళ్ళలా పోతుంది. కాని అడిగిన ప్రతిసారీ తప్పించుకోవడం నేర్చుకున్న పిల్లకు, తను చేసిన పని నోరారా చెప్పుకోవడం ఎక్కడ వస్తుంది? క్రియలన్నీ ఆ పిల్ల దగ్గర ఉన్నాయి. వాటికి ముందు నేను అనే మాట పెట్టాలంటేనే భయం.

ఆ సాయంత్రం చాయ్ పెట్టించి అందరినీ కూర్చోబెట్టాను. ఆపాను కూడా పిలిచాను.

"నేటి నుంచి రోజు ఈ యాళకు అందరు ఏం చేసిన్రో చెప్పాలె. ఇంగ్లీషుల చెప్పాలె. ఇంగ్లీషుల చెప్పిన దానికి నేను తిట్ట. ఏం చెప్పినా సరే."

ఎవరూ నమ్మలేదు. నా కొడుకు నా నుదురు ముట్టుకుని చూశాడు, జ్వరమేమోనని.

"తెలుగుల అడగవా మళ్ల?" అంది పిల్ల.

"అడగ."

"ఆపా ముంగట చెప్పు."

"నేను గవాహ్ ఉంట," అంది ఆపా, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ. "మీ నానమ్మ మాట తప్పితె నన్ను పిలువు బేటీ. గోడ మీదికెళ్లి దుంకి వస్త."

పిల్ల చాలాసేపు నా ముఖం చూసింది. చివరకు, "ఐ... ఈట్ జాగరీ," అంది.

బెల్లం. పండక్కని పై అరలో, పాత చీర ముక్కలో మూటగట్టి, ముందు పప్పు డబ్బాలు అడ్డం పెట్టిన బెల్లం. కోపం గొంతు దాకా వచ్చింది. ఆపా సాసర్ మీదుగా నన్నే చూస్తోంది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు, క్రియలో పెట్టాను.

"ఈట్ కాదు," అన్నాను గట్టిగా. "తిన్నది అయిపోయింది గద. ఏట్."

"ఐ ఏట్ జాగరీ."

"ఎప్పుడు?"

"మండే. ట్యూస్‌డే. ఎవ్రీ డే."

"ఎవ్రీ డే అంటె ఈట్ అనే అనాలె," అని కోడలు అందించింది. ఆమె పదో తరగతి పాసైంది. "రోజు చేసే పనికి పాస్ట్ రాదు అత్తమ్మా."

"అంటె ఇంక తింటదన్నట్టా?"

పిల్ల పకపకా నవ్వింది. పరీక్ష అయినప్పటి నుంచి నవ్వడం అదే మొదలు.

మరుసటి సాయంత్రం ఇంకొకటి బయటపడింది. "ఐ పుట్ వెట్ స్పూన్ ఇన్ పికిల్." తడి గరిటె ఆవకాయ జాడీలో పెట్టింది. నేను చాయ్ అక్కడే వదిలి లేచాను. వంటింట్లోకి పోయి, జాడీ వాసెన విప్పి, వెలుతురుకు పట్టి చూశాను. బూజు లేదు. నూనె తేలుతూనే ఉంది. తిరిగి వచ్చి కూర్చున్నాను. పుట్‌కు మూడు రూపాలూ ఒకటే కదా, దిద్దడానికి కూడా ఏమీ లేదు. నాకు ప్రీతిపాత్రమైన మాటే నా నోరు కట్టేసింది.

పిల్లకు తిట్లు పడటం లేదని చూసి ఇంట్లో మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది. నా కొడుకు గొంతు సవరించుకున్నాడు. "ఐ గేవ్ మై టిఫిన్ టు ఫ్రెండ్. ఐ వెంట్ టు హోటల్. ఐ ఏట్ బిర్యానీ." నేను పొద్దున్నే లేచి కట్టిన జొన్నరొట్టెల డబ్బా ఎవరో దోస్తుకు ఇచ్చి, తాను హోటలుకు పోయి బిర్యానీ తిన్నాడట.

"నేను పొయ్యి కాడ చేతులు కాల్చుకొని..."

"అవ్వా, తెలుగుల మాట్లాడ్తున్నవ్," అన్నాడు.

ఆపా వేలు చూపించింది. నోరు మూసుకున్నాను.

కోడలు మాత్రం రెండు మూడు సాయంత్రాలు ఏమీ లేదంటూ తప్పించుకుంది. పెళ్ళై వచ్చినప్పటి నుంచి నాకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఒకరోజు చాయ్ గ్లాసులు కింద పెట్టి, కొంగు సర్దుకుని, "ఐ థ్రూ," అంది. పారేశాను అని.

"ఏం థ్రూ?"

"యువర్ ఆయిల్ డబ్బాస్. అండ్ కవర్స్. అండ్ దట్ ఛత్రీ."

మేడ మీద గదిలో నేను దాచిపెట్టిన నూనె డబ్బాలు, కడిగి ఆరబెట్టిన పాలకవర్లు, కమ్మీలు మాత్రం బాగున్న గొడుగు. అన్నీ కబాడీవాడికి వేసేసిందట. ఆపా సాసర్ కింద పెట్టేసింది.

"వెన్?" అన్నాను. నాకు ఆ క్షణాన దొరికిన ఇంగ్లీషు అదొక్కటే.

"లాస్ట్ ఇయర్."

నిరుడు ఊరికి పోతూ ఒక్కసారి తాళంచెవి ఇచ్చిపోయాను, అప్పుడే అన్నమాట. ఖాళీ అయిన ఆ గదికి నేను, తెరిచి చూడకుండానే, ఇన్నాళ్ళుగా తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని తిరుగుతున్నాను. ముందు నా కొడుకు నవ్వాడు. ఆపా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు నవ్వు రాలేదు, కాని కోపం కూడా అనుకున్నంత రాలేదు. థ్రో, థ్రూ, థ్రోన్. ఆ మాట మాత్రం నేనింక మరిచిపోను.

రోజులు గడిచేకొద్దీ పిల్ల నేరాలు అయిపోయాయి. తప్పులు అయిపోయాక ఉత్త రోజులు చెప్పడం మొదలుపెట్టింది. గాలిపటం చూశాను. ఆపా నాకు మెహందీ పెట్టింది. లెక్కల సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు. నేను మధ్యలో ప్రశ్నలు వేసేదాన్ని. డిడ్ యూ వెంట్ అని అడిగితే పిల్లే నన్ను దిద్దింది. డిడ్ వచ్చిందంటే పాతకాలం బరువంతా అదే మోస్తుంది, వెనక మాట ఉత్తచేతులతో నడవాలి అంది. ఇద్దరు మనుషులు ఒకే సంచిని మోయనక్కర లేదు కదా. అది నాకు ఇట్టే అర్థమైంది.

ఒక సాయంత్రం పిల్ల, "దే లాఫ్డ్. ఐ వెంట్ టు బాత్‌రూమ్. ఐ క్రైడ్," అంది. పరీక్ష రోజు సంగతి అది. వాళ్ళు నవ్వారు, నేను బాత్‌రూములోకి పోయి ఏడ్చాను అని. అంతవరకు మాకెవరికీ చెప్పలేదు. క్రియలన్నీ సరిగ్గా ఉన్నాయి. చాయ్‌లో ఇంకొంచెం చక్కెర వేసి ఇచ్చాను.

శనివారం నేనే వెంట వెళ్ళాను. కోడలికి పెళ్ళివాళ్ళ చీరలు ఇవ్వాల్సి ఉంది, కొడుక్కు డ్యూటీ. తరగతి గది బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది. లోపలికి చూడవద్దని పిల్ల ముందే చెప్పింది కాబట్టి గోడకు ఆనుకుని ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకును చూస్తూ కూర్చున్నాను.

టీచరమ్మ ప్రశ్న వినిపించింది. ఆదివారం నువ్వు ఏం చేశావు అని ఇంగ్లీషులో.

చప్పుడు లేదు. ఎవరో బెంచీ జరిపారు. ఎవరో దగ్గారు. ఏమీ చెయ్యలే అంటుందా ఇప్పుడు, అంటే సోమవారం నుంచి ఆ పిల్లను బడికి ఎట్లా పంపను, ఏం చెప్పి పంపను అని నా మనసు పరిగెత్తుతోంది.

"ఐ వోక్ అప్," అంది పిల్ల. లేచాను అని. గొంతు సన్నగా ఉంది. "ఐ ఫిల్డ్ వాటర్. ఐ స్పిల్డ్ వాటర్." నీళ్ళు పట్టాను, నీళ్ళు ఒలకబోశాను. గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. గొంతు కొంచెం లావైంది. "మై గ్రాండ్‌మదర్ షౌటెడ్."

మా నానమ్మ అరిచింది అని. ఇప్పుడు గదంతా నవ్వింది, కాని ఈ నవ్వు వేరు. ఆ నవ్వు పిల్లను పైకెత్తింది. ఇక వరద. మా నానమ్మ చక్కెర డబ్బాకు తాళం వేసింది. మా నానమ్మ టీవీ రిమోట్ దాచింది. మా నానమ్మ పాత చీర కత్తిరించి మా అందరికీ సంచులు కుట్టింది. లాక్డ్, హిడ్, కట్, స్టిచ్డ్. నేను ట్యాంకును చూస్తూనే ఒక్కొక్క మాటను పట్టుకుంటున్నాను. నెల కిందట ఈ మాటలు నా పక్క నుంచి పోతుంటే ఆటో హారన్లలా ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కటీ నన్నే తిడుతోందని స్పష్టంగా తెలుస్తోంది.

"మై గ్రాండ్‌మదర్ స్టడీడ్ ఓన్లీ థర్డ్ క్లాస్," అంది పిల్ల. "షి లర్న్డ్ వర్బ్స్ ఇన్ కిచెన్. షి టోల్డ్ వర్బ్స్ టు ప్రెషర్ కుక్కర్. షి థాట్ నోబడీ సా. ఐ సా."

మూడో తరగతే చదివిన మా నానమ్మ వంటింట్లో క్రియలు నేర్చుకుంది, ప్రెషర్ కుక్కర్‌కు అప్పజెప్పింది, ఎవరూ చూడలేదనుకుంది, నేను చూశాను. అదీ దాని అర్థం. నిజమే. మధ్యాహ్నాలు, పిల్ల ఇంట్లో ఉండే ఆదివారాల్లో కూడా, కోడలు మిషన్ మీద ఉన్నప్పుడు, తలుపు దగ్గరగా వేసుకుని, మూత బిగించిన కుక్కర్ ఎదుట నిలబడి అప్పజెప్పుకునేదాన్ని. విజిల్ వస్తే మళ్ళీ మొదటి నుంచి. ఈ సంగతి నాకూ కుక్కర్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను.

బల్ల మీద నుంచి లేవబోయాను. లేచి కిటికీ దగ్గరికి పోయి ఒక్క చూపు చూస్తే చాలు, పిల్ల నోరు మూతపడేది. సగం లేచి, మళ్ళీ కూర్చున్నాను. ఇంగ్లీషులోనే చెబుతోంది కదా.

"ఐ డిడ్ నాట్ లాఫ్ ఇన్ కిచెన్," అని ముగించింది పిల్ల. "ఐ వెంట్ అవుట్‌సైడ్ అండ్ లాఫ్డ్." వంటింట్లో నవ్వలేదు, బయటికి పోయి నవ్వాను.

గది హోరెత్తిపోయింది. టీచరమ్మ బయటికి వచ్చేసరికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "ఏడులోనే ఉంటుందమ్మా," అంది. "సెలవుల తర్వాత మొదటి బెంచీలో కూర్చోబెడతాను. ఇంత మాట్లాడేదాన్ని వెనక పెట్టలేను." తర్వాత నా వైపు కొత్తగా చూసింది. ఆ కుక్కర్ సంగతి అడుగుతుందేమోనని త్వరగా దండం పెట్టి బయటపడ్డాను.

గేటు దాటిందాకా పిల్ల నా పక్కన మెల్లగా, ఒద్దికగా నడిచింది.

"ఇన్నవా నానమ్మా?"

"కిటికీ తెరిచే ఉండె."

"అంత సమజైందా?"

"అంత సమజైంది."

"తిడ్తవా?"

"ఇంగ్లీషుల చెప్పినవ్ గద. తిట్టెదానికి లేదు."

పిల్ల రెండడుగులు ఆలోచించింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఆ రోడ్డు పొడవునా ఇంగ్లీషులో మొదలుపెట్టింది. చింతపండు బజారులో మా నానమ్మ ఎట్లా బేరం చేసింది, బస్సులో కండక్టరుతో ఎట్లా కొట్లాడింది, నిద్రలో ఎట్లా గురక పెట్టింది. పండ్ల బండ్లవాళ్ళు తలలు తిప్పి చూస్తున్నారు. ఫైటెడ్ అన్న చోట ఫాట్ అన్నాను. స్లీప్డ్ అన్న చోట స్లెప్ట్ అన్నాను. మిగతాదంతా చెప్పనిచ్చాను.